కంప్యూటర్ తెర – మన కళ్ళు
(మానిటర్ నుండి మంచి పనితనం రాబట్టుకోవడం ఎలా?)

నేడు కంప్యూటర్ లేని రంగం లేదు. అడంగల్ కాపీ కావాలన్నా, కుల ధృవీకరణ పత్రం కావాలన్నా, స్కాలర్‌షిప్పుకు దరఖాస్తు పెట్టాలన్నా ఎవరో ఒకరు తెర ముందు కూర్చోవలసిందే. చదువుల సంగతి చెప్పనక్కరలేదు. మన రాష్ట్రంలో ఎంసెట్ 2017 నుండి కంప్యూటర్ మీదే జరుగుతోంది. దాని పేరే ఇప్పుడు ఈఏపీసెట్. జె.ఇ.ఇ. మెయిన్ 2019 నుండి ఆ దారే పట్టింది. పీజీ చదువులకు వెళ్ళేవారు రాసే గేట్ పరీక్ష అంతకు ముందే, 2014 నాటికే, పూర్తిగా కంప్యూటర్ మీదకు వచ్చేసింది.

ఇక్కడే మన హాస్టల్ విద్యార్థులకు ఒక ఇబ్బంది ఉంది. ఇంట్లో కంప్యూటర్ ఉన్న పిల్లవాడు ఏళ్ళ తరబడి తెర చూసి అలవాటుపడి పరీక్షకు వస్తాడు. కూలి పనికి వెళ్ళే అమ్మానాన్నల పిల్లలకు ఆ అవకాశం లేదు. దొరికిన ఒకటి రెండు కంప్యూటర్ల దగ్గర వంతులు వేసుకుని నేర్చుకోవాలి. ఆ దొరికినదాని తెర మసకగా ఉంటే, అక్షరాలు అలుక్కుపోతే, అరగంటకే తలనొప్పి వస్తే "కంప్యూటర్ మనకు పడదు" అనుకుని లేచిపోతాము. తప్పు మనది కాదు, కంప్యూటర్‌ది కూడా కాదు. చాలాసార్లు తెరను సరిచేసుకోకపోవడమే కారణం.

మా ఇళ్ళల్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాళ్ళం మేము. ఈ చిన్న చిన్న సంగతులు చెప్పే అన్నలు, అక్కలు మాకు ఇంట్లో లేరు. కాలేజీ ల్యాబుల్లో, స్నేహితుల గదుల్లో ఒక్కొక్కటిగా తెలుసుకున్నాము. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మీకు ఆ ఆలస్యం జరగకూడదని ఈ వ్యాసం రాస్తున్నాము. ఇందులో చెప్పిన పనుల్లో ఎక్కువ భాగానికి పైసా ఖర్చు లేదు.

మానిటర్ లోపల ఏముంది?

పాత రోజుల్లో మానిటర్ అంటే వెనుక పెద్ద మూపురంతో ఉండే బరువైన పెట్టె. అందులో ఉండేది గాజు గొట్టం. దాన్ని 1897లో జర్మనీ శాస్త్రవేత్త కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ తయారుచేశాడు. గొట్టం వెనుక నుండి ఎలక్ట్రాన్లు వచ్చి తెర లోపల పూసిన పదార్థాన్ని తాకితే అది మెరిసేది. పాత టీవీలు కూడా ఇవే.

ఇప్పుడు వాడుతున్న పలుచని మానిటర్లు ఎల్.సి.డి. రకం. ద్రవ స్ఫటికాలు అనే వింత పదార్థం వీటికి ఆధారం. 1888లో ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రెడ్రిక్ రైనిట్జర్ క్యారెట్ దుంపల నుండి తీసిన పదార్థాన్ని పరిశీలిస్తూ దీన్ని గమనించాడు. ఈ స్ఫటికాలకు సొంత వెలుగు లేదు. తలుపు రెక్కల్లాగా వెనుకనుండి వచ్చే వెలుగును కొంత ఆపుతాయి, కొంత వదులుతాయి. వెనుక వెలుగు కోసం మొదట్లో సన్నని ట్యూబులైట్లు వాడేవారు. తరువాత ఎల్.ఇ.డి. దీపాలు వచ్చాయి. కనుక "ఎల్.ఇ.డి. మానిటర్" అని దుకాణాల్లో అమ్మేది కూడా సాధారణంగా ఎల్.సి.డి. మానిటరే, వెనుక దీపం మాత్రమే మారింది. ఆ తెల్లని వెలుగుకు మూలమైన నీలి ఎల్.ఇ.డి.ని కనిపెట్టినందుకు అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

తెర మీద బొమ్మ చుక్కలతో తయారవుతుంది. ఒక్కొక్క చుక్కను పిక్సెల్ అంటారు. ప్రతి చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు చిన్న గదులు ఉంటాయి. ఈ మూడింటి హెచ్చుతగ్గులతోనే అన్ని రంగులూ పుడతాయి. మామూలు 18.5 అంగుళాల మానిటర్లో అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలు ఉంటాయి. హెచ్చవేసి చూస్తే 10 లక్షల 49 వేల 88 చుక్కలు!

మొదటి సూత్రం: చుక్కకు చుక్క సరిపోవాలి

సంక్రాంతికి మన ఆడపిల్లలు చుక్కల ముగ్గు వేస్తారు కదా. 13 చుక్కల కోసం గీసిన ముగ్గును 10 చుక్కల మీద వేయమంటే ఏమవుతుంది? గీతలు చుక్కల మీద పడవు, మధ్యలో పడతాయి. ముగ్గు అలుక్కుపోతుంది. మానిటర్ విషయంలో కూడా జరిగేది ఇదే. 1366×768 చుక్కల తెరకు కంప్యూటర్ 1024×768 లెక్కన బొమ్మ పంపితే, మానిటర్ ఆ బొమ్మను సాగదీసి నింపుతుంది. అక్షరాలు లావుగా, మసకగా వస్తాయి. గుండ్రని సున్నా కోడిగుడ్డులా కనిపిస్తుంది.

కావున మొదట చేయవలసిన పని, తెరకు సహజంగా ఉన్న చుక్కల లెక్కనే కంప్యూటర్లో పెట్టడం. ఖాళీ తెర మీద మౌస్ కుడి బటన్ నొక్కి "డిస్‌ప్లే సెట్టింగ్స్" తెరవాలి. అందులో "డిస్‌ప్లే రిజల్యూషన్" అనే జాబితాలో "రికమెండెడ్" అని పక్కన రాసి ఉన్నదాన్ని ఎంచుకోవాలి. సాధారణంగా కనిపించే లెక్కలు ఇవి:

15 అంగుళాల చదరపు తెర – 1024×768
17, 19 అంగుళాల చదరపు తెర – 1280×1024
18.5 అంగుళాల వెడల్పు తెర – 1366×768
20 అంగుళాల వెడల్పు తెర – 1600×900
21.5 అంగుళాలు, ఆపైన – ఎక్కువగా 1920×1080

"అలా పెడితే అక్షరాలు చిన్నవైపోతున్నాయి" అని కొందరు రిజల్యూషన్ తగ్గిస్తారు. అది సరైన పద్ధతి కాదు. చుక్కల లెక్క అలాగే ఉంచి, అదే పేజీలో ఉన్న "స్కేల్" అనేదాన్ని 125 శాతానికి పెంచుకోవాలి. అప్పుడు అక్షరం పెద్దదవుతుంది, స్పష్టతా పోదు.

జాబితాలో అసలు సరైన లెక్కే కనిపించకపోతే రెండు కారణాలు చూడాలి. ఒకటి, కంప్యూటర్లో గ్రాఫిక్స్ డ్రైవర్ వేయకపోవడం. రెండోది, తీగలో లోపం. మానిటర్ తన చుక్కల లెక్కను తీగ ద్వారానే కంప్యూటర్‌కు చెప్పుకుంటుంది. ఆ కబురు మోసే పిన్ను వంగినా, విరిగినా కంప్యూటర్‌కు ఎదుట ఉన్నది ఏ తెరో తెలియదు. అప్పుడు అది ఏ తెరకైనా పనికివచ్చే తక్కువ లెక్కతో సరిపెడుతుంది.

తెలుగు అక్షరానికి ప్రత్యేక శ్రద్ధ

ఇంగ్లీషు అక్షరం కంటే మన తెలుగు అక్షరం తెర మీద ఎక్కువ చోటు అడుగుతుంది. పైన తలకట్టో గుడో, మధ్యలో హల్లు, కింద వత్తు. ఇలా మూడంతస్తులు. "లక్ష్మి", "స్త్రీ", "రాష్ట్రం" అనే మాటలు చూడండి. "ధ"కూ "థ"కూ తేడా మధ్యలో ఒక్క చుక్క. "డ"కూ "ఢ"కూ తేడా అడుగున ఒక చిన్న గీత. మసక తెరలో ముందుగా పోయేవి ఈ చుక్కలూ, గీతలే. జె.ఇ.ఇ. మెయిన్ ప్రశ్నపత్రం 2021 నుండి తెలుగులో కూడా ఇస్తున్నారు. ఈఏపీసెట్‌లో ఇంగ్లీషుతోపాటు తెలుగూ ఉంటుంది. కనుక తెలుగు మీడియం నుండి వచ్చినవారికి తెర స్పష్టత అంటే అలంకారం కాదు, మార్కులు.

విండోస్‌లో తెలుగు యూనికోడ్ అక్షరాలు 2001లో వచ్చిన ఎక్స్.పి. తోనే "గౌతమి" అనే ఫాంటు రూపంలో అందాయి. అదే ఎక్స్.పి.లో "క్లియర్‌టైప్" అనే సౌకర్యమూ వచ్చింది. ఒక్కొక్క చుక్కలో ఉన్న మూడు రంగుల గదులను విడివిడిగా వాడుకుని అక్షరం అంచులను నున్నగా చూపించే పద్ధతి ఇది. స్టార్ట్ మెనూలో "క్లియర్‌టైప్" అని వెతికితే "అడ్జస్ట్ క్లియర్‌టైప్ టెక్స్ట్" వస్తుంది. అది ఐదారు నమూనాలు చూపించి, ఏది బాగుందో ఎంచుకోమంటుంది. రెండు నిమిషాల పని. చుక్కల లెక్క సరిచేసిన తరువాతే దీన్ని చేయాలి. ముందు చేస్తే ఫలితం ఉండదు.

తీగ సంగతి

పాత మానిటర్లలో ఎక్కువగా కనిపించేది నీలి రంగు మూతితో, రెండు వైపులా మరలతో ఉండే వి.జి.ఎ. తీగ. ఇది 1987లో వచ్చింది. ఇందులో బొమ్మ అలల రూపంలో ప్రయాణిస్తుంది. కనుక దారిలో కొంత చెదురుతుంది. హెచ్.డి.ఎం.ఐ., డిస్‌ప్లేపోర్ట్ తీగల్లో బొమ్మ అంకెల రూపంలో వెళుతుంది. మానిటర్‌కూ కంప్యూటర్‌కూ ఈ రెండోరకం రంధ్రాలు ఉంటే తప్పకుండా వాటినే వాడాలి.

వి.జి.ఎ. తప్పనిసరి అయితే మూడు జాగ్రత్తలు. మొదటిది, మరలు రెండూ చేత్తో బిగించాలి. రెండవది, తీగ పొడవు అవసరానికి మించి ఉండకూడదు, కరెంటు తీగలతో కలిపి చుట్టకూడదు. మూడవది, తెర నిండా నోట్‌ప్యాడ్ లాంటి తెల్లని పేజీ తెరిచి, మానిటర్ మీద ఉన్న "ఆటో" బటన్ ఒకసారి నొక్కాలి. అంచులు స్పష్టంగా ఉన్న పేజీ ఎదుట ఉంటే మానిటర్ బొమ్మ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో సరిగ్గా పట్టుకుంటుంది. నల్లని తెర మీద నొక్కితే అది పొరపడుతుంది. అక్షరాల చుట్టూ నీడలు, వణుకు చాలావరకు దీనితోనే పోతాయి.

తెర రంగు మారిందంటే ముందు అనుమానించవలసింది తీగనే. మూడు రంగులకూ మూడు వేర్వేరు పిన్నులు ఉంటాయి. నీలం అందకపోతే తెల్లని పేజీ పసుపుగా మారుతుంది. ఆకుపచ్చ అందకపోతే ముదురు గులాబీగా, ఎరుపు అందకపోతే ఆకాశనీలంగా కనిపిస్తుంది. ఒకసారి మేము చదివే చోట గులాబీ రంగులో కనిపిస్తున్న మానిటర్‌ను "పోయింది" అని మూలన పెట్టారు. తీగ ఊడదీసి చూస్తే ఒక పిన్ను వంగి ఉంది. సన్నని పట్టకారుతో మెల్లగా నిలబెట్టి బిగిస్తే తెర తెల్లగా వెలిగింది. ఒక మాట గుర్తుంచుకోండి. 15 పిన్నుల వరుసలో మధ్య వరుసలో ఒకటి చాలా తీగలకు తయారీలోనే ఉండదు. అది విరిగిందని కంగారు పడనవసరం లేదు.

వెలుతురు ఎంత ఉండాలి?

కొత్త మానిటర్లు చాలావరకు వెలుతురు బాగా పెంచిన స్థితిలో వస్తాయి. దుకాణంలో పది తెరల మధ్య మెరవాలి కదా! చదువుకునే గదిలో అంత వెలుగు కళ్ళకు మంట. సరిపోయే వెలుతురు తెలుసుకోవడానికి ఒక తెల్లకాగితం చాలు. తెర మీద తెల్లని పేజీ తెరిచి, దాని పక్కన కాగితం పట్టుకుని చూడండి. తెర ట్యూబులైటులా వెలుగుతూ, కాగితం మాసినట్లు కనిపిస్తే బ్రైట్‌నెస్ తగ్గించాలి. తెరే బూడిదరంగులో ఉంటే పెంచాలి. రెండూ ఇంచుమించు సమానంగా కనిపించే చోట ఆపాలి. పగలు ఒక లెక్క, రాత్రి ఒక లెక్క ఉంటుంది. చీకటి గదిలో తెర ఒక్కటే వెలుగుతూ ఉండకూడదు. గదిలో దీపం వేసుకోవాలి.

బ్రైట్‌నెస్, కాంట్రాస్టు ఒకటే అనుకుంటారు చాలామంది. ఎల్.సి.డి.లో బ్రైట్‌నెస్ అంటే వెనుక దీపం వెలుగు. కాంట్రాస్టు అంటే తెలుపు నలుపుల మధ్య దూరం. కాంట్రాస్టును విపరీతంగా పెంచితే లేత రంగులన్నీ తెలుపులో కలిసిపోతాయి. దీన్ని పరీక్షించడానికి పెయింట్ ప్రోగ్రాంలో మీరే ఒక పట్టీ గీసుకోవచ్చు. రంగుల సవరణలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటికీ ఒకే అంకె ఇస్తే బూడిదరంగు వస్తుంది. 240, 245, 250, 255 అంకెలతో నాలుగు గళ్ళు పక్కపక్కన నింపండి. కింద 0, 5, 10, 15 అంకెలతో మరో నాలుగు. పైవరుసలో గళ్ళు కలిసిపోతే కాంట్రాస్టు తగ్గించండి. కిందివరుసలో నలుపు గళ్ళు పూర్తిగా కలిసిపోతే వెలుతురు, గామా సరిచూడండి. చవక మానిటర్లలో 0కీ 5కీ తేడా కనిపించకపోవచ్చు, 10, 15 కనిపిస్తే చాలు.

గామా అంటే నడిమి రంగుల హెచ్చుతగ్గు. దీనికి వాడుకలో ఉన్న ప్రమాణం 2.2. రంగు వేడి అని మరొకటి ఉంది. దానికి 6500 కెల్విన్ ప్రమాణం. మానిటర్ మెనూలో ఎస్.ఆర్.జి.బి. అని ఉంటే అది ఎంచుకుంటే సరిపోతుంది. లేదా "నార్మల్" లేక "వార్మ్". "కూల్" అని పెడితే తెర నీలంగా మెరుస్తుంది. విండోస్ 7 నుండి "కాలిబ్రేట్ డిస్‌ప్లే కలర్" అనే సాధనం ఉంది. అది చెయ్యి పట్టుకుని నడిపించినట్లు ఒక్కొక్క మెట్టూ చూపిస్తుంది. డి.టి.పి., ఫోటోషాప్ నేర్చుకుని ఉపాధి పొందాలనుకునే తమ్ముళ్ళకు ఇది తప్పనిసరి. తెర మీద ఒక ఎరుపు, ఫ్లెక్సీ మీద మరో ఎరుపు వస్తే గిరాకీ నిలవదు.

హెర్ట్జ్ అంటే ఏమిటి?

తెర సెకనుకు ఎన్నిసార్లు కొత్తగా గీయబడుతుందో ఆ లెక్కే హెర్ట్జ్. పాత గాజు గొట్టం మానిటర్లు 60 దగ్గర ఉంటే కళ్ళకు మినుకుమినుకుమని తెలిసేది. వాటిని 75కో 85కో పెంచుకోవలసి వచ్చేది. ఎల్.సి.డి.లో వెనుక దీపం ఆరకుండా వెలుగుతుంది కనుక 60 చాలు. ఇప్పటి మానిటర్లలో 75, 100 కూడా ఉంటాయి. "అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే"లో చూసి ఉన్నంతలో ఎక్కువది పెట్టుకోవచ్చు.

అయితే కొన్ని ఎల్.ఇ.డి. మానిటర్లలో వెలుతురు బాగా తగ్గించినప్పుడు దీపాన్ని అతి వేగంగా ఆర్పుతూ వెలిగిస్తారు. కొందరికి దీనివల్ల తలనొప్పి వస్తుంది. ఫోన్ కెమెరాతో తెరను చూస్తే కదిలే నల్లని పట్టీలు కనిపించవచ్చు. అలాంటి తెరకు వెలుతురు కొంత పెంచి, గది దీపం కూడా వేసుకుంటే ఉపశమనం ఉంటుంది.

ఎక్కడ పెట్టాలి? ఎలా కూర్చోవాలి?

మానిటర్ వెనుక కిటికీ ఉంటే వెలుగు కళ్ళలో పడుతుంది. మన వెనుక కిటికీ ఉంటే ఆ వెలుగు తెర మీద పడి అద్దంలా మెరుస్తుంది. కిటికీ పక్కగా ఉండాలి. నెత్తిమీద ట్యూబులైటు తెరలో కనిపిస్తుంటే తెరను కొంచెం వంచండి. కంటికీ తెరకూ మధ్య 50 నుండి 70 సెంటీమీటర్లు, అంటే ఇంచుమించు చెయ్యి చాచినంత దూరం ఉండాలి. తెర పై అంచు కంటి ఎత్తున గానీ, కొంచెం కిందగా గానీ ఉండాలి. బల్ల పొట్టిగా ఉంటే రెండు ఇటుకల మీద చెక్క వేసి దాని మీద మానిటర్ పెట్టండి.

మన దగ్గర ఒక్క కంప్యూటర్ ముందు ముగ్గురు కూర్చోవడం మామూలే. చవక మానిటర్లలో ఎక్కువగా టి.ఎన్. రకం తెర ఉంటుంది. దాన్ని పక్కనుండి, ముఖ్యంగా కిందినుండి చూస్తే రంగులు తారుమారవుతాయి. నేల మీద కూర్చున్నవాడికి ఫోటో నెగెటివ్ లాగా కనిపిస్తుంది. అలాంటప్పుడు తెరను కిందికి వంచాలి, లేదా అందరూ ఒకే ఎత్తున కూర్చోవాలి. కొత్తగా కొనేటప్పుడు ఐ.పి.ఎస్. రకం అడిగి తీసుకుంటే ఈ బాధ ఉండదు. అది పక్కనుండి చూసినా రంగు చెడదు. దాతలు, పూర్వ విద్యార్థులు హాస్టల్‌కు మానిటర్ కొని ఇచ్చేటప్పుడు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే ఒక తెర ముగ్గురికి ఉపయోగపడుతుంది.

దుమ్ము, ఎండ, కరెంటు

మన ఎడ్లపాడు గుంటూరు–చిలకలూరిపేట మధ్య 16వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. చుట్టూ స్పిన్నింగ్ మిల్లులు. పక్కనే వంకాయలపాడులో స్పైసెస్ పార్కు. మిర్చి, పత్తి మన పొలాల పంటలు. లారీల దుమ్ము, దూది నూగు, మిరప ధూళి గాలిలో ఉండే ఊరు మనది. ఇవన్నీ మానిటర్ వెనుక ఉన్న గాలి కంతల్లో చేరి లోపలి వేడిని బయటికి పోనివ్వవు. వేసవిలో పల్నాడు ఎండ ఎలా ఉంటుందో రెంటచింతల పేరు చెబితే చాలు. చాలా మానిటర్లను 40 డిగ్రీల లోపు గదిలో వాడటానికే తయారుచేస్తారు. అందుకే మే నెల మధ్యాహ్నాలు రేకుల గదిలో గంటల కొద్దీ నడపకుండా ఉదయం, సాయంత్రం వాడుకోవడం మేలు. గోడకు ఆనించి పెట్టకూడదు. ఆపి, చల్లారిన తరువాత గుడ్డ కప్పాలి. నడుస్తుండగా పైన పుస్తకాలు, బట్టలు వేయకూడదు.

తుడిచే పద్ధతి: ముందు స్విచ్ ఆపి ప్లగ్ తీయాలి. కంతల దుమ్మును పొడి బ్రష్‌తో దులపాలి. ఉతికి మెత్తబడిన పాత నూలు పంచె ముక్కను శుభ్రమైన నీటితో కొద్దిగా తడిపి, గట్టిగా పిండి, పైనుండి కిందికి మెల్లగా తుడవాలి. తెర మీద నేరుగా నీళ్ళు చల్లకూడదు. స్పిరిట్, అద్దాలు తుడిచే మందు, న్యూస్ పేపరు వాడకూడదు. తెర మీద ఉన్న పలుచని పూత పోతుంది. చొక్కా కొసతో తుడిస్తే అందులోని ఇసుక రేణువులు గీతలు పెడతాయి. పెన్నుతో తెరను పొడిచి చూపించే అలవాటు మానాలి.

కరెంటు విషయానికి వస్తే, చాలా మానిటర్లు 100 నుండి 240 వోల్టుల దాకా తట్టుకుంటాయి. లో వోల్టేజీ కంటే, కరెంటు పోయి వచ్చినప్పుడు కొట్టే దెబ్బే ప్రమాదం. పిడుగులు పడే వేళ ప్లగ్ తీసివేయడం ఉత్తమం. ఎర్త్ ఉన్న మూడు పిన్నుల ప్లగ్గే వాడాలి.

స్క్రీన్‌సేవర్ తెరను కాపాడుతుందని ఇంకా కొందరు నమ్ముతారు. గాజు గొట్టం రోజుల్లో ఒకే బొమ్మ గంటల కొద్దీ ఉంటే దాని మచ్చ పడేది, అప్పుడు అది అవసరం. ఎల్.సి.డి.కి తెర ఆరిపోవడమే మేలు. "పవర్" సెట్టింగ్‌లో 5 నిమిషాలకు తెర ఆరేలా పెట్టండి. లెక్క చూడండి: 75 వాట్ల గాజు గొట్టం మానిటర్ రోజుకు 6 గంటల చొప్పున 25 రోజులు నడిస్తే 11.25 యూనిట్లు. 18 వాట్ల ఎల్.ఇ.డి. మానిటర్ అయితే 2.7 యూనిట్లు మాత్రమే.

"పాడైంది" అనే ముందు

తెర నల్లగా ఉంది కానీ పవర్ దీపం వెలుగుతోంది అనుకోండి. గది చీకటి చేసి టార్చిలైటు ఏటవాలుగా తెర మీద వేయండి. బొమ్మ లీలగా కనిపిస్తే తెర బాగానే ఉంది, వెనుక దీపమో దానికి కరెంటు ఇచ్చే భాగమో పోయింది. మానిటర్ ఆన్ అవడానికి చాలాసేపు పడుతున్నా, వెలిగి వెలిగి ఆరిపోతున్నా లోపలి కెపాసిటర్లు ఉబ్బి ఉండవచ్చు. 2000 తరువాతి సంవత్సరాల్లో తయారైన వాటిలో ఇది ఎక్కువగా కనిపించిన జబ్బు. మెకానిక్‌కు ఈ లక్షణాలు చెబితే కొత్త మానిటర్ ఖర్చులో చిన్న వంతుతో బాగుపడే అవకాశం ఉంది. మీరు మాత్రం విప్పవద్దు. గాజు గొట్టం మానిటర్లో ప్లగ్ తీసిన తరువాత కూడా వేల వోల్టులు నిలిచి ఉంటాయి. ఇక బాగుపడదని తేలిన వాటిని పగలగొట్టి పారవేయకూడదు. గాజు గొట్టంలో సీసం, పాత ఎల్.సి.డి. దీపంలో పాదరసం ఉంటాయి. ఈ-వ్యర్థాలు సేకరించే వారికి అప్పగించాలి.

పరీక్ష హాలులో

ఆన్‌లైన్ పరీక్షలు రాసేవారు ఈ భాగం రెండుసార్లు చదవండి. ఎన్.టి.ఎ. తన వెబ్‌సైటులో ఉచితంగా మాక్ టెస్టులు ఉంచుతుంది. వాటిని ఫోన్‌లో కాకుండా మానిటర్ మీదే, బ్రౌజర్ జూమ్ 100 శాతం ఉంచి, ఎఫ్ 11 నొక్కి తెర నిండుగా పెట్టుకుని సాధన చేయండి. మూడు గంటలు తెర వంక చూడటం కూడా ఒక సాధనే.

తెర కుడివైపు ప్రశ్నల నంబర్లు రంగుల్లో ఉంటాయి. జవాబు రాసినవి ఆకుపచ్చ, చూసి వదిలినవి ఎరుపు, మళ్ళీ చూద్దామని గుర్తు పెట్టినవి వంగపండు రంగు. పక్కకు తిరిగి ఉన్న తెరలో ఈ రంగులు వెలిసిపోయి కనిపిస్తాయి. అందుకే కూర్చోగానే తెర మీకు ఎదురుగా ఉందా, లైటు మెరుపు పడుతోందా, వెలుతురు సరిపోతోందా చూసుకోండి. లోపం ఉంటే గడియారం మొదలు కాకముందే చెయ్యెత్తి ఇన్విజిలేటర్‌కు చెప్పండి. "ఏమంటారో" అని జంకవద్దు. సరైన తెర అడగడం మీ హక్కు. మన పిల్లలు మొహమాటంతో పోగొట్టుకునే నిమిషాలు ఎన్నో ఉన్నాయి.

చివరిగా, కళ్ళు

సర్వేంద్రియానాం నయనం ప్రధానం అన్నారు పెద్దలు. తెర చూసేటప్పుడు రెప్పలు కొట్టడం తగ్గిపోతుంది. అందుకే కళ్ళు ఎండి మండుతాయి. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడమని వైద్యులు చెబుతారు. మనకు కొండవీడు కొండలు ఉండనే ఉన్నాయి, కిటికీలోంచి అటు చూడండి! నీలి వెలుగు ఆపే కళ్ళజోళ్ళని అమ్మేవాటికి డబ్బు పోయనవసరం లేదు. అవి కంటి అలసటను తగ్గించకపోవచ్చునని 2023లో వచ్చిన కాక్రేన్ సమీక్ష తేల్చింది.

కానీ నిజంగా అద్దాలు అవసరమైనవారు పెట్టుకోకుండా ఉండటం అంతకంటే నష్టం. తెరను ఎంత సరిచేసినా మసకగానే ఉంటే, క్లాసులో బోర్డు మీది రాత కూడా కనిపించకపోతే, లోపం తెరలో లేదు. వార్డెన్ సారుకో మేడముకో చెప్పి ప్రభుత్వ ఆసుపత్రిలో కళ్ళు పరీక్ష చేయించుకోండి. అద్దాలు పెట్టుకుంటే ఎగతాళి చేస్తారని, పెళ్ళి కాదని చెప్పే మాటలు పట్టించుకోవద్దు. చెల్లెళ్ళకు ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాము.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! రిజల్యూషన్, తీగ, వెలుతురు, కూర్చునే చోటు, శుభ్రత. ఈ ఐదూ చూసుకుంటే పాత మానిటర్ కూడా కొత్తదానిలా పనిచేస్తుంది. ఈ వారమే ఇద్దరు ముగ్గురు కలిసి మన కంప్యూటర్ గదిలోని తెరలన్నీ వరుసగా సరిచూడండి. ఏ తెరకు ఏ లెక్క సరిపోతుందో ఒక అట్టముక్క మీద రాసి గోడకు తగిలించండి. వచ్చే సంవత్సరం చేరేవారికి అది మీరిచ్చే కానుక అవుతుంది. మన పిల్లలు చదువులో ఎవరికీ తీసిపోరు. వారి ముందున్న తెర కూడా తీసిపోకుండా చూసుకోవడం మనందరి బాధ్యత.